హెచ్చుతగ్గుల మర్మమెరిగిన ఆచార్యుడు: ప్రశాంతచంద్ర మహలనోబిస్

జంషెడ్‌పురమునందు కొలిముల చెంత పనిచేయు వారికందరకు అనుభవపూర్వకముగా తెలిసిన సంగతి యొకటి కలదు. ఒకే గనినుండి తెచ్చిన ఖనిజము, ఒకే రకపు బొగ్గు, ఒకే సున్నపురాయి, ఒకే పనివారు అయినను, నేటి పోతలోని కర్బన శాతము నిన్నటి పోతలోని శాతముతో ముమ్మూర్తుల సరిపోలదు. కొంచెము హెచ్చును, లేదా కొంచెము తగ్గును. అట్టి హెచ్చుతగ్గు కనిపించినపుడు ఏమి చేయవలెను? ప్రతి చిన్న మార్పునకును కొలిమిని సవరింపవలెనా, లేక ఊరకుండవలెనా? సవరింపవలసిన చోట ఊరకున్నచో సరకు చెడును. ఊరకుండవలసిన చోట సవరించినచో మరింత చెడును. ఏది యాదృచ్ఛికమైన ఊగిసలాటయో, ఏది నిజమైన మార్పో విడదీసి చెప్పగల కొలబద్ద లేనిచో ఎంతటి నేర్పరియైనను చీకటిలో రాయి విసరిన వాడే యగును.

ఈ ఒక్క ప్రశ్ననే జీవితమంతయు అడుగుచు, నదులయందు, పొలములయందు, కర్మాగారములయందు, తుదకు ఒక దేశపు ప్రణాళికయందును దానికి సమాధానము వెదకిన మహనీయుడు ప్రశాంతచంద్ర మహలనోబిస్. ఆయన రసాయనవేత్త కాడు, లోహశాస్త్రజ్ఞుడు కాడు. భౌతికశాస్త్రము చదివి, దానినే బోధించి జీవించిన అధ్యాపకుడు. అయినను నేడు రసాయన కర్మాగారముల నియంత్రణ గదులయందు ఆయన పేరు ఒక కొలతకు పేరై నిలిచియున్నది. ఆ కథ తెలిసికొనదగినది.

ప్రశాంతచంద్రుడు 1893వ సంవత్సరము జూన్ 29వ తేదీన కలకత్తా నగరమున జన్మించెను. తండ్రి ప్రబోధచంద్రుడు, తల్లి నీరోదవాసిని. పితామహుడు గురుచరణుడు తూర్పు బెంగాలులోని విక్రమపురమునుండి 1854లో కలకత్తాకు వచ్చి స్థిరపడి, బ్రహ్మసమాజమున చేరి, సంఘము ఎదిరించుచున్నను ఒక వితంతువును వివాహమాడిన ధైర్యశాలి. కందుకూరి వీరేశలింగము పంతులుగారి కృషి నెరిగిన తెలుగువారికి ఆ యింటి వాతావరణ మెట్టిదో వేరుగ చెప్పనక్కరలేదు. పెద్దలు చెప్పినంత మాత్రమున దేనిని నమ్మరాదనియు, పరీక్షించి నిలిచినదానిని విడువరాదనియు బాలుడు ఉగ్గుపాలతోనే నేర్చుకొనెను.

బ్రాహ్మ బాలుర పాఠశాలలో చదువు ముగించి, ప్రెసిడెన్సీ కళాశాలలో చేరి, 1912లో భౌతికశాస్త్రమున ఆనర్సు పట్టము పొందెను. అచట జగదీశచంద్ర బోసు, ప్రఫుల్లచంద్ర రాయి వంటి మహనీయులు ఆయనకు గురువులు. మరుసటి సంవత్సరము పై చదువులకై ఇంగ్లండునకు వెళ్లెను. మొదట లండనునందు చదువవలెననియే సంకల్పము. ఒకనాడు కేంబ్రిడ్జి చూడబోయి, ఆఖరు రైలు తప్పిపోవుటచే ఆ రాత్రి మిత్రునియింట నిలువవలసివచ్చెను. కింగ్స్ కళాశాలలోని ప్రార్థనామందిరపు సౌందర్యమునకు ముగ్ధుడైన ఆ యువకునకు మిత్రుడు అచటనే చేరుమని సలహా చెప్పెను. దరఖాస్తు చేయగా ప్రవేశము లభించెను. తప్పిపోయిన రైలు ఆయన జీవితమును క్రొత్త దారి పట్టించెను.

కేంబ్రిడ్జియందున్న కాలముననే శ్రీనివాస రామానుజనుతో స్నేహమేర్పడెను. రామానుజను చలికి తాళలేక ఓవరుకోటు తొడిగికొనియే పరుండుచున్నాడని విని, మహలనోబిస్ ఆయన పడకను పరీక్షించి చూచెను. కంబళ్లన్నియు పరుపు అంచులక్రింద బిగించి యుంచబడి యుండెను. వానిని విప్పి వాని మధ్య దూరి పరుండవలెనని రామానుజనుకు తెలియదు. కంబళ్లు కొరతపడలేదు, వాడు విధానము తెలియలేదు. ముందుగ కారణమేమో చూచి, ఆపై చికిత్స చేయుట మహలనోబిస్ స్వభావమని ఈ చిన్న సంఘటనవలననే తెలియుచున్నది.

1915లో గణిత భౌతికశాస్త్రములయందు చదువు ముగించి, కొంతకాలము స్వదేశమునకు వచ్చిపోవలెనని బయలుదేరగా, ప్రపంచయుద్ధము కారణమున ఓడ ఆలస్యమయ్యెను. ఆ విరామమున కళాశాల గ్రంథాలయమున కాలక్షేపము చేయుచుండగా, ఉపాధ్యాయుడొకడు బయోమెట్రికా అను పత్రిక సంపుటములను ఆయనకు చూపెను. జీవరాసుల కొలతలను గణితముతో విచారించు పత్రిక యది. మహలనోబిస్ కొన్ని పుటలు తిరుగవేసి, అంతటితో తృప్తిచెందక, సంపుటములన్నియు కొని, ఓడలో చదువుచు కలకత్తా చేరెను. తిరిగి వచ్చిన వెనుక ప్రెసిడెన్సీ కళాశాలలో భౌతికశాస్త్ర బోధన లభించెను. ఇంగ్లండునకు మరల చదువుకై పోలేదు. ముప్పది సంవత్సరములకు పైగ ఆ కళాశాలయందే పనిచేసి, ప్రిన్సిపాలు పదవి నలంకరించి, 1948లో విరమించెను. జీతము భౌతికశాస్త్రమునకు, ప్రాణము గణాంకశాస్త్రమునకు అన్నట్లు సాగినది ఆయన ఉద్యోగ జీవితము.

1923లో నిర్మలకుమారిని వివాహమాడెను. వధువు తండ్రికి ఇష్టము లేకున్నను ఆ పెండ్లి జరిగెను. ఆ దంపతులు ఇరువురును రవీంద్రనాథ ఠాకూరునకు అత్యంత సన్నిహితులు. విశ్వభారతి తొలి పదేండ్లును దాని కార్యదర్శి బాధ్యతలను మహలనోబిస్ వహించెను.

ఆయన పేరు మొదట నిలిచినది నదుల ఒడ్డున. 1922లో ఉత్తర బెంగాలున గొప్ప వరద వచ్చెను. ఆయన గురువైన ప్రఫుల్లచంద్ర రాయి బాధితుల సహాయమునకై నడుము కట్టెను. మరల ఇట్టి విపత్తు రాకుండుటకు, నీటిని నిలుపు పెద్ద జలాశయములు కట్టవలెనని నిపుణులు సూచించిరి. ప్రభుత్వము ఈ ప్రశ్నను మహలనోబిస్ పరిశీలనకు పంపెను. ఆయన సుమారు 50 సంవత్సరముల వర్షపాతపు లెక్కలను, వరదల లెక్కలను ప్రక్కప్రక్కన పెట్టి పరిశీలించి, ఆ జలాశయములు వరదను ఆపజాలవనియు, నీరు త్వరగా పారిపోవు మార్గమే అసలు అవసరమనియు నిరూపించెను.

అంతకంటె ముఖ్యమైనది 1926 నాటి ఒరిస్సా వరద. రాంచీ పీఠభూమిపై పుట్టిన దక్షిణ కోయెలు, శంఖ నదులు రూర్కెలా సమీపమున కలిసి బ్రాహ్మణీ నదియై ఒరిస్సాలోనికి ప్రవహించును. జంషెడ్‌పురమువారికి సువర్ణరేఖ, ఖర్కాయి సంగమమున పొంగు వరద పరిచితమే. ఆ బ్రాహ్మణి పొంగినప్పుడు, నదీగర్భము అడుగుమేర పైకి లేచినదనియు, కనుక గట్లను కూడ ఎత్తు చేయవలెననియు ఇంజనీర్లు తలచిరి. వినుటకు సహజముగ తోచు మాట. కాని మహలనోబిస్ సుమారు 60 సంవత్సరముల నీటిమట్టపు లెక్కలను శోధించి, నదీగర్భము లేచినట్లు ఆధారమేమియు లేదని చూపెను. ఆ యేడు ఎగువ ప్రాంతములందు కురిసిన అసాధారణ వర్షమే వరదకు కారణము. ఉపాయము గట్లు పెంచుటయందు లేదు, ఎగువన ఆనకట్ట కట్టి నీటిని అదుపు చేయుటయందున్నది. మహానది వరదల నివారణకును, విద్యుదుత్పాదనకును ఆయన వేసిన తొలి లెక్కలు తరువాతి కాలమున హీరాకుడ్ పథకమునకు ఆధారములలో ఒకటి యయ్యెను. ఆ ఆనకట్ట 1957లో ప్రారంభమయ్యెను.

ఇచట ఒక్క క్షణము ఆగి యోచింపవలెను. ఒకయేటి వరదను చూచి నదియే మారినదని తలచుటయు, ఒక పోతలోని కర్బనమును చూచి కొలిమియే మారినదని తలచుటయు ఒకే పొరపాటు. ఆ పొరపాటు కొలిమియందు కొన్ని టన్నుల ఉక్కును చెరచును. నదియందు లక్షల రూపాయలను మట్టిగట్ల పాలు చేసి, గట్టును నమ్ముకొన్న పల్లెలను మరల ముంచును. అరువది యేండ్ల లెక్కలను ఓపికతో చదివిన ఒక అధ్యాపకుడు ఆ పొరపాటును నివారించెను.

ఈలోగా ఆయన మరియొక సమస్యతో కుస్తీ పట్టుచుండెను. 1920లో నాగపురమున జరిగిన సైన్సు కాంగ్రెసునందు, జంతుశాస్త్రజ్ఞుడైన నెల్సన్ అన్నండేలు కలకత్తాలోని ఆంగ్లో-ఇండియనుల దేహపు కొలతలను విచారింపుమని ఆయనను కోరెను. ఎత్తు, తల పొడవు, తల వెడల్పు, ముక్కు పొడవు ఇట్లు మనిషికి పెక్కు కొలతలు. రెండు జనసమూహములు ఒకదానికొకటి ఎంత దగ్గరో, ఎంత దూరమో చెప్పుట ఎట్లు? ఒక్కొక్క కొలతను విడివిడిగ చూచిన చాలదు. కొలతలు ఒకదానితోనొకటి ముడివడి యుండును. ఎత్తైన మనిషి సాధారణముగ బరువుగ కూడ ఉండును. కనుక పొడవైనవాడు బరువుగ నుండుట వింత కాదు. పొడవైనవాడు మిక్కిలి తేలికగ నుండుట వింత. ఎత్తు ఒక్కటి చూచినను అది మామూలే, బరువు ఒక్కటి చూచినను అది మామూలే. రెండును కలిపి చూచినప్పుడే అసాధారణత బయటపడును. ఈ పరస్పర సంబంధములను లెక్కలోనికి తీసికొని, పెక్కు కొలతలను ఒకే దూరముగ మార్చు సూత్రమును మహలనోబిస్ క్రమక్రమముగ రూపొందించి, 1936లో దాని పూర్ణరూపమును ప్రకటించెను. అదియే నేడు లోకమంతట మహలనోబిస్ దూరమను పేర ప్రసిద్ధి చెందినది.

ఇదంతయు జరిగినది ప్రెసిడెన్సీ కళాశాలలోని ఆయన గదియందే. కొందరు శిష్యులు, కొన్ని చేతి లెక్కయంత్రములు, అదియే ప్రయోగశాల. 1931 డిసెంబరు 17వ తేదీన జరిగిన సమావేశమున భారతీయ గణాంకశాస్త్ర సంస్థ స్థాపింపబడెను. మొదటి సంవత్సరపు ఖర్చు 250 రూపాయలు మించలేదు. 1933లో సాంఖ్య అను పత్రిక వెలువడెను. 1938 జనవరిలో జరిగిన తొలి భారతీయ గణాంకశాస్త్ర మహాసభకు ఆంగ్ల శాస్త్రవేత్త రొనాల్డు ఫిషరు అధ్యక్షత వహించెను. 1945లో మహలనోబిస్ లండను రాయల్ సొసైటీ సభ్యుడయ్యెను. నేటి జార్ఖండు రాష్ట్రములోని గిరిడీహ్ పట్టణమన్నను ఆయనకు మక్కువ. అచట ఆయనకు గృహముండెను, సంస్థకు శాఖయు ఏర్పడెను.

1937 నుండి బెంగాలునందు జనుము పంట విస్తీర్ణమును మచ్చు సర్వేచే లెక్కించు పని ఆయన చేపట్టెను. అన్నము ఉడికినదో లేదో చూచుటకు ఒక్క మెతుకు చాలునని మన యిల్లాండ్రకు తెలియును. అయితే గరిట పెట్టి కలియబెట్టని కుండలో పైమెతుకు పట్టిచూచిన మోసపోవుదురు. ఏ మెతుకు పట్టవలెను, ఎన్ని మెతుకులు పట్టవలెను, ఎంత పొరపాటుకు చోటున్నది, ఎంత ఖర్చగును అను ప్రశ్నలకు గణితముతో సమాధానము చెప్పుట మహలనోబిస్ చేసిన పని. పొలము పొలమును తిరిగి వ్రాసిన పూర్తి లెక్కకయిన వ్యయములో సుమారు పదవవంతు వ్యయముతోనే ఆయన సర్వే ముగిసెను. అంతేకాక, వ్యాపార లెక్కలతో పోల్చి చూడగా మచ్చు సర్వే అంకెయే సత్యమునకు మిక్కిలి దగ్గరగ నిలిచెను. వేలకొలది మనుష్యులచే వ్రాయించిన లెక్కలోని మానవ దోషములు, కొద్దిమందిచే జాగ్రత్తగ చేయించిన లెక్కలో లేకుండుటయే ఇందుకు కారణము.

ఆ జాగ్రత్తను ఆయన సర్వే నిర్మాణమునందే ఇమిడ్చెను. ఒకే ప్రాంతమును రెండు బృందములకు ఒప్పగించి, ఒకరి మచ్చుతో సంబంధము లేకుండ మరియొకరిచే వేరు మచ్చు తీయించెను. రెండు ఫలితములును యాదృచ్ఛికముగ రాదగినంత తేడాలో ఇమిడినచో పని సక్రమము. అంతకు మించినచో ఎచటనో దోషమున్నది, వెదకవలెను. కర్మాగారములో సరకును పరీక్షించునట్లు ఆయన అంకెలను పుట్టించు ప్రక్రియనే పరీక్షించెను. 1943 నాటి బెంగాలు కరువు ముగిసిన వెంటనే ఆయన బృందము పల్లెలలో సర్వే జరిపి, భూములు, పశువులు పోగొట్టుకొన్న కుటుంబముల దుఃస్థితిని లెక్కకట్టెను. అంకెల వెనుక ఆకలి యున్నదని ఆయన మరువలేదు.

ఈ కాలముననే ఒక తెలుగు యువకుడు ఆయన నీడకు చేరెను. వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తునందు గణితమున ఎం.ఏ. పట్టము పొందిన కల్యంపూడి రాధాకృష్ణరావు ఉద్యోగము వెదకుచు కలకత్తాకు వచ్చి, ఈ సంస్థ సంగతి విని, 1941 జనవరిలో శిక్షణకు చేరెను. 1945లో, ఇరువదియైదవయేట, ఆ యువకుడు ప్రకటించిన సిద్ధాంతములు గణాంకశాస్త్ర పాఠ్యగ్రంథములన్నిట చోటు చేసికొనెను. 1946లో మహలనోబిస్ ఆయనను కేంబ్రిడ్జికి పంపెను. ఆఫ్రికాఖండమున త్రవ్వకాలలో లభించిన ప్రాచీన అస్థిపంజరముల కొలతలను మహలనోబిస్ దూరముచే విచారించుట అచట ఆయన పని. గురువు నిర్మించిన కొలబద్దను శిష్యుడు సముద్రములు దాటించెను. మహలనోబిస్ అనంతరము సంస్థకు నాయకత్వము వహించినదియు సి.ఆర్. రావుగారే. వారు నిండు నూరేండ్లు దాటి జీవించి 2023లో కాలధర్మము నొందిరి.

స్వాతంత్ర్యము వచ్చిన సంవత్సరముననే మహలనోబిస్ చూపు కర్మాగారములవైపు మళ్లెను. అమెరికాయందు టెలిఫోను పరికరముల పరిశ్రమలో పనిచేయుచుండిన వాల్టర్ షూహార్టు 1924లో నియంత్రణ పటమను సాధనమును కనిపెట్టి యుండెను. దాని తీరు సులభము. ఒక కాగితముపై సగటును సూచించు గీత గీయుదురు. దానికి పైనను క్రిందను, ప్రక్రియ తన సహజస్థితిలో ఎంత ఊగిసలాడునో లెక్కించి, ఆ ప్రామాణిక విచలనమునకు మూడురెట్ల దూరమున హద్దుగీతలు గీయుదురు. ప్రతి పోతనుండి వచ్చిన కొలతను చుక్కగ గుర్తింతురు. చుక్కలు హద్దులలో చెదరియున్నంతకాలము కొలిమిని ముట్టరాదు. చుక్క హద్దు దాటినపుడు, లేదా చుక్కలన్నియు వరుసగ ఒకేవైపు ప్రాకుచున్నపుడు, కారణము వెదకవలెను. హద్దులోని ప్రతి చుక్కకును సవరణ చేయువాడు సహజమైన ఊగిసలాటపై తన సవరణల ఊగిసలాటను కూడ చేర్చి, సరకులోని తేడాలను పెంచునేగాని తగ్గింపడు.

బ్రాహ్మణీ నది విషయమున మహలనోబిస్ తాను చేసినదియు ఇదియే యని వేరుగ చెప్పనక్కరలేదు. షూహార్టును సంస్థ భారతదేశమునకు ఆహ్వానించెను. 1947-48లో ఆయన వచ్చి పలు నగరములలో పారిశ్రామికులకు, ఇంజనీర్లకు ఈ విధానమును బోధించెను. 1953 మొదలు సంస్థవారు బొంబాయియందును, పిమ్మట ఇతర నగరములందును గుణనియంత్రణ కేంద్రములు తెరచి, మిల్లులకు, కర్మాగారములకు సలహాలిచ్చు పని ఆరంభించిరి. 1954-55లో జపానునుండి గెనిచి టగుచి అను ఇంజనీరు వచ్చి సంస్థలో పనిచేసెను. తరువాతి కాలమున ఆయన పేరు ప్రపంచ పరిశ్రమలన్నిట మారుమ్రోగెను. ఆయన రూపొందించిన పద్ధతులలో ఒకటి మహలనోబిస్ పేరుతో కలిసియే నేటికిని పిలువబడుచున్నది.

లెక్కలు పెరిగినకొలది యంత్రములు కావలసివచ్చెను. 1953లో సంస్థలోని యువశాస్త్రజ్ఞులు పది చరరాసుల సమీకరణములను సాధించు ఎలక్ట్రానిక్ యంత్రమును స్వయముగ నిర్మించిరి. 1956లో ఇంగ్లండునుండి తెచ్చిన కంప్యూటరు సంస్థలో నెలకొనెను. పిమ్మట సోవియట్ దేశపు యంత్రము వచ్చెను. ఆకాలమున దేశమందలి నలుమూలల శాస్త్రజ్ఞులు తమ లెక్కలకై కలకత్తాకు రావలసియుండెను.

1949లో ఆయన కేంద్ర మంత్రివర్గమునకు గౌరవ గణాంక సలహాదారుడయ్యెను. 1950లో జాతీయ మచ్చు సర్వే ఆరంభమయ్యెను. అదే సంవత్సరము నవంబరు 26వ తేదీన జంషెడ్‌పురమున జాతీయ లోహశాస్త్ర ప్రయోగశాలను జవహర్లాల్ నెహ్రూ ప్రారంభించెను. ఆ నెహ్రూయే రెండవ పంచవర్ష ప్రణాళిక ముసాయిదా తయారుచేయు భారమును మహలనోబిస్‌పై ఉంచెను. దేశ ఆర్థికవ్యవస్థను ఒక గణిత నమూనాగ వ్రాసి, యంత్రములను తయారుచేయు యంత్రములకు పెట్టుబడిలో ఎంత భాగము కేటాయించిన దీర్ఘకాలమున దేశాదాయము ఎంత వేగముగ పెరుగునో ఆయన లెక్కించెను. 1955లో సమర్పించిన ఆ రచన ననుసరించి భారీ పరిశ్రమలకు అగ్రస్థానము లభించెను. భిలాయి, రూర్కెలా, దుర్గాపురములలో ప్రభుత్వ ఉక్కు కర్మాగారములు లేచెను. ఆ ప్రణాళికా కాలముననే జంషెడ్‌పురపు కర్మాగారమును 20 లక్షల టన్నుల సామర్థ్యమునకు విస్తరింపబడెను.

ఈ ప్రయత్నము విమర్శలకు లోనుగాక పోలేదు. ఆర్థికవేత్త బి.ఆర్. షెనాయ్ 1955లోనే తన అసమ్మతిని వ్రాతపూర్వకముగ తెలిపెను. 1957 నాటికి విదేశమారక ద్రవ్యము తరిగి, ప్రణాళికను కుదింపవలసివచ్చెను. వ్యవసాయమునకును, నిత్యావసర వస్తువులకును తగిన చోటు దొరకలేదని పలువురు వాదించిరి. నదికి, కొలిమికి లొంగిన గణితము కోట్లాది మనుష్యుల అవసరములకు అంత సులభముగ లొంగలేదని ఒప్పుకొనవలెను. నమూనా ఎంత అందముగ నున్నను, దానిలో వ్రాయని విషయములు లోకములో లేకపోవు. మహలనోబిస్ పట్టుదల గల మనిషి. తాను నమ్మినదానికై ఎవరితోనైనను తలపడును. అందుచే ఆయనకు విరోధులకు కొరత లేకుండెను. కాని లెక్కలు సేకరింపుము, ప్రకటింపుము, పరీక్షింపుమని ఆయన నేర్పిన పద్ధతి యుండబట్టియే ఆయన ప్రణాళికను విమర్శించువారికి కూడ అంకెలు లభించెనని మరువరాదు.

1959లో పార్లమెంటు చట్టముచే ఆయన సంస్థకు జాతీయ ప్రాముఖ్యము గల సంస్థగ గుర్తింపు వచ్చెను. 1968లో భారత ప్రభుత్వము ఆయనకు పద్మవిభూషణ బిరుదు నొసగెను. 1972 జూన్ 28వ తేదీన, డెబ్బదితొమ్మిదవ జన్మదినమునకు ఒక్కదినము ముందు, ఆయన కన్నుమూసెను. తుదివరకును సంస్థ భారము ఆయన భుజములపైననే యుండెను. 2007 నుండి జూన్ 29వ తేదీ జాతీయ గణాంక దినముగ జరుపబడుచున్నది.

ఆంగ్లో-ఇండియనుల ముక్కు పొడవులనుండి పుట్టిన ఆ దూరము మాత్రము ఆయనతో ఆగిపోలేదు. నేటి రసాయన కర్మాగారమున ఉష్ణోగ్రత, పీడనము, ప్రవాహము, మిశ్రమపు పాళ్లు ఇట్లు వందలకొలది కొలతలు క్షణక్షణమును వచ్చుచుండును. ఒక బాయిలరును తీసికొందము. నీటితో కలిసియున్న ఆవిరికి ఉష్ణోగ్రత పెరిగినచో పీడనము కూడ పెరుగవలెను. ఉష్ణోగ్రత కొంచెము పెరిగి, పీడనము కొంచెము తగ్గినదనుకొందము. విడివిడిగ చూచిన రెండును తమతమ హద్దులలోనే యున్నవి. వేర్వేరు పటములు చూచువానికి అంతయు క్షేమముగనే కనిపించును. కాని ఆ రెండును అట్లు కలిసి యుండుట అసహజము. ఏదో గేజి చెడినది, లేదా ఎచటనో ఆవిరి కారుచున్నది. మహలనోబిస్ దూరమును లెక్కించినచో ఆ సంఖ్య ఒక్కసారిగ పెరిగి హెచ్చరించును. పొడవైన తేలిక మనిషిని పట్టిచ్చిన సూత్రమే దోషమున్న బాయిలరును పట్టిచ్చుచున్నది. రసాయన ప్రక్రియల నియంత్రణపై పరిశోధన చేయువారు ఈ సూత్రమును, దాని సంతతిని నేటికిని నిత్యము వాడుచున్నారు.

జంషెడ్‌పురమున స్థిరపడిన తెలుగు కుటుంబములలో కొలిమి చెంతనో, ప్రయోగశాలలోనో, లెక్కల గదిలోనో దినమంతయు అంకెలతో గడుపువారు పెక్కుమంది కలరు. ఇంటివద్ద పిల్లవాని మార్కులు ఒక పరీక్షలో తగ్గినవని కలవరపడువారును కలరు. ఒక చుక్కను చూచి గీతను మార్చవలదనియు, చుక్కలు హద్దు దాటినపుడు కన్నులు మూసికొనవలదనియు మహలనోబిస్ జీవితము వారికి బోధించుచున్నది. తొందరపాటునకును అలసత్వమునకును నడుమ సన్నని దారి యొకటి కలదు. కొలత, ఓర్పు, నిజాయితి అను మూడు దీపములు చేతబట్టినవానికే ఆ దారి కనబడును. ఆ మూడింటిని నమ్ముకొని నడచినవాడు కనుకనే ఆ భౌతికశాస్త్ర అధ్యాపకుడు నదులకు, పొలములకు, కర్మాగారములకు కూడ ఆచార్యుడయ్యెను.